అల్సర్ మందులు: మాత్ర ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఒమెప్రజోల్ క్యాప్సూల్‌ను విప్పి చూస్తే లోపల పొడి ఉండదు. ఆవగింజంత తెల్లటి గుళికలు ఉంటాయి. ప్రతి గుళికకూ ఆమ్లంలో కరగని పూత వేసి ఉంటుంది. కడుపులో యాసిడ్‌ను ఆపడానికి వేసుకునే మందుకు ఆ యాసిడే గండం. పూత లేకపోతే మందు జీర్ణాశయంలోనే పాడైపోతుంది, పేగు దాకా చేరదు. మింగడం కష్టంగా ఉందని గుళికల్ని నూరి ఇస్తే, లేదా నమిలితే, మందు చాలావరకు వృథా. మింగలేనివాళ్లకు క్యాప్సూల్ విప్పి, గుళికలు చితక్కుండా పుల్లటి పండ్ల గుజ్జు ఒక చెంచాలో కలిపి నమలకుండా మింగించవచ్చు. పాంటోప్రజోల్, రాబెప్రజోల్ మాత్రలకు మాత్రం పూత మాత్ర మొత్తానికీ కలిపి ఉంటుంది. వాటిని విరవడానికి కూడా వీల్లేదు.

అల్సర్ మందు పనిచేయలేదన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇలాంటి చిన్న తప్పే ఉంటుంది. వేళ తప్పడం, కోర్సు సగంలో మానేయడం, పుండుకు కారణమైనదాన్ని వదిలేసి మంటకు మాత్రమే మందు వేయడం. మందుల బలాబలాల కన్నా ముందు చూడాల్సినవి ఇవి.

పుండు ఎందుకు పడుతుంది

యాసిడ్ ఎక్కువవడం వల్లే అల్సర్ వస్తుందన్న నమ్మకం ఇప్పటికీ పోలేదు. జీర్ణాశయంలో పీహెచ్ (ఆమ్లపు ఘాటుకు కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) 1 నుంచి 2 దాకా ఉండటం మామూలే. ఆరోగ్యంగా ఉన్న కడుపు రోజంతా అంత ఘాటు ఆమ్లాన్ని భరిస్తుంది. గోడ మీద ఉండే జిగురు పొర, అందులోని బైకార్బొనేట్, నిత్యం కొత్తగా పుట్టే కణాలు, మంచి రక్తప్రసరణ కలిసి దాన్ని కాపాడతాయి. ఈ కాపుదల చెడినప్పుడు మామూలు యాసిడే పుండు చేస్తుంది. యాసిడే మితిమీరి ఊరి పుండ్లు పడే జాలింజర్-ఎలిసన్ సిండ్రోమ్ లాంటివి చాలా అరుదు.

కాపుదలను చెడగొట్టేవాటిలో ప్రధానమైనవి రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. రెండోది ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు. ఆందోళన, కారం, కాఫీ మంటను పెంచవచ్చు కానీ అసలు ముద్దాయిలు అవి కావు. బ్యాక్టీరియా సంగతి బయటపెట్టింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో పనిచేసిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్. 1982లో వాళ్లు ఆ క్రిమిని ప్రయోగశాలలో పెంచగలిగారు. తోటి వైద్యులు నమ్మకపోవడంతో మార్షల్ ఆ క్రిముల ద్రావణాన్ని స్వయంగా తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి మాత్రలు మింగుతూ, పుండు తిరగబెట్టినప్పుడల్లా మళ్లీ మొదలుపెడుతూ గడిపిన రోగులకు 2 వారాల యాంటీబయాటిక్స్‌తో పుండు తిరిగి రాకుండా చేసే దారి దొరికింది.

ఆమ్లం ఊరే చోట

జీర్ణాశయం గోడలోని పెరైటల్ కణాలు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్, గ్యాస్ట్రిన్ అనే మూడు సంకేతాలు వాటిని ఉసిగొల్పుతాయి. ఏ సంకేతం అందినా చివరకు పనిచేసేది ఒక్క యంత్రమే: హైడ్రోజన్ అయాన్లను బయటికి తోస్తూ పొటాషియంను లోపలికి లాగే ప్రోటాన్ పంపు. ఫామోటిడిన్ లాంటి హెచ్-2 బ్లాకర్లు ఆ మూడింటిలో హిస్టమిన్ సంకేతాన్ని మాత్రమే ఆపుతాయి. ఒమెప్రజోల్ కుటుంబం, అంటే పంపు మందులు, నేరుగా పంపునే మూసేస్తుంది. ఆ రెండింటి బలంలో తేడా అక్కడే ఉంది.

పంపును మూసే తీరులో ఒక మెలిక ఉంది. మింగిన మందు పేగులో కరిగి రక్తంలోకి ఎక్కుతుంది, రక్తం ద్వారా పెరైటల్ కణానికి చేరుతుంది. అక్కడ పంపు పనిచేస్తూ ఆమ్లం విడుదలయ్యే సన్నని కాలువల్లోనే అది అసలు మందుగా మారి, పంపుకు విడదీయరాని బంధంతో అతుక్కుంటుంది. నిద్రాణంగా ఉన్న పంపును అది పట్టుకోలేదు. మందు రక్తంలో నిలిచేది సుమారు ఒకటి రెండు గంటలే. ఆ కొద్ది సమయంలో పంపులు పనిలో ఉండాలి. వాటిని పనిలోకి దించేది భోజనం. తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు మాత్ర వేసుకోమనేది ఇందుకే. పరగడుపున వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే మందు వచ్చిన దారినే పోతుంది. తిన్నాక వేసుకున్నా, పడుకునే ముందు వేసుకున్నా ఫలితం సగం సగమే. రోజుకు రెండు మాత్రలు రాసినప్పుడు రెండోది రాత్రి భోజనానికి ముందు వేసుకోవాలి, పడకకు ముందు కాదు.

ఒకసారి మూతపడిన పంపు తిరిగి తెరుచుకోదు. కణం కొత్త పంపును తయారుచేసుకోవాల్సిందే. అందుకే రక్తంలోంచి మందు పోయినా పని రోజంతా నడుస్తుంది. మొదటి రోజు దొరికిన పంపులు కొన్నే. మరుసటి రోజు మరికొన్ని. పూర్తి ఫలితం కనిపించడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. మొదటి మాత్రకే మంట తగ్గలేదని మందు మార్చేవాళ్లు ఈ లెక్కను మరిచిపోతారు. మంట వచ్చినప్పుడు మాత్రమే ఒకటి వేసుకునే అలవాటు కూడా పుండు మానడానికి పనికిరాదు.

మామూలు రోజు మోతాదులు ఇవి: ఒమెప్రజోల్ 20 మిల్లీగ్రాములు, పాంటోప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, లాన్సోప్రజోల్ 30, ఇసోమెప్రజోల్ 20 లేదా 40. ఈ పేర్లలో దేన్ని ఎంచుకున్నా సరైన మోతాదులో, సరైన వేళకు వేసుకుంటే పుండు మానడంలో తేడా స్వల్పం. డియోడినమ్‌లో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, పడిన పుండుకు సాధారణంగా 4 వారాలు పడుతుంది. జీర్ణాశయంలోని పుండుకు, నొప్పి మందుల వల్ల వచ్చినదానికి 8 వారాలు. మంట తొలివారంలోనే తగ్గడం సహజం, కానీ మంట తగ్గిన రోజే పుండు మానిపోదు. కోర్సు సగంలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక మనిషికి పనిచేసిన మోతాదు మరొకరికి చాలకపోవడానికీ కారణం ఉంది. కాలేయంలోని సీవైపీ-2సీ19 అనే ఎంజైమ్ ఈ మందుల్ని విరగ్గొడుతుంది. పుట్టుకతోనే కొందరిలో అది చురుకుగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది. ఇదే ఎంజైమ్ గుండె రోగులు వాడే క్లోపిడోగ్రెల్‌ను పనికి వచ్చే రూపంలోకి మారుస్తుంది. ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ ఆ పనికి అడ్డుపడతాయి. స్టెంట్ వేసుకున్నవాళ్లకు పాంటోప్రజోల్ వైపు మొగ్గు చూపడం ఇందువల్లే.

ఈమధ్య వచ్చిన వోనోప్రజాన్, టెగోప్రజాన్ వేరే కుటుంబం. ఇవి పంపులో పొటాషియం పట్టుకునే చోటును అడ్డగిస్తాయి. పని మొదలుపెట్టడానికి ఆమ్లం అక్కర్లేదు కాబట్టి భోజనంతో ముడిపెట్టే అవసరం లేదు, మొదటి రోజే పూర్తి స్థాయిలో పనిచేస్తాయి, రాత్రిపూట కూడా పట్టు సడలదు. వోనోప్రజాన్‌కు జపాన్ 2014లో అనుమతి ఇచ్చింది. మామూలు పుండుకు పాత మందులే చాలు. వీటి అసలు విలువ బ్యాక్టీరియాను చంపే కోర్సులో తెలుస్తుంది.

పాత మందులు, వాటి చోటు

పంపు మందులకు ముందు రాజ్యమేలింది హెచ్-2 బ్లాకర్లు. 1976లో సిమెటిడిన్ బ్రిటన్‌లో మార్కెట్‌లోకి వచ్చాక అల్సర్ ఆపరేషన్లు గణనీయంగా తగ్గాయి. దాన్ని కనిపెట్టిన బృందానికి నాయకుడైన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ అందుకున్నాడు. సిమెటిడిన్ అనేక ఇతర మందులు శరీరంలో విరిగిపోకుండా అడ్డుపడుతుంది, ఎక్కువకాలం వాడిన మగవాళ్లలో రొమ్ములు పెరిగేలా చేస్తుంది. తర్వాత వచ్చిన రానిటిడిన్ దాన్ని పక్కకు నెట్టేసింది. కానీ నిల్వలో రానిటిడిన్ విచ్ఛిన్నమై ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం తయారవుతోందని తేలడంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. ఫామోటిడిన్‌కు ఆ చిక్కు లేదు. మోతాదు 20 మిల్లీగ్రాములు రెండుసార్లు, లేదా రాత్రి 40. కిడ్నీలు బలహీనంగా ఉంటే తగ్గించాలి, లేకపోతే వృద్ధుల్లో మతిభ్రమ కనిపిస్తుంది. హెచ్-2 మందులకు ఉన్న పెద్ద లోపం మరొకటి: రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో శరీరం వాటికి అలవాటుపడి పట్టు తగ్గుతుంది.

యాంటాసిడ్లు ఊరిన ఆమ్లాన్ని విరిచేస్తాయి, ఊరడాన్ని ఆపవు. ఖాళీ కడుపున వేసుకుంటే అరగంటలో పని అయిపోతుంది. భోజనమైన గంటకు వేసుకుంటే రెండు మూడు గంటలు నిలుస్తుంది. మెగ్నీషియం విరేచనాలు తెస్తుంది, అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది. రెండూ ఒకే సీసాలో కలిసి ఉండటం వెనక మతలబు అదే. ఇవి మంటను దింపే మందులు, అంతే. పుండు మాన్పే భారం వీటి మీద పెట్టకూడదు. పాలు కూడా ఇలాంటివే. తాగిన కాసేపు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత పాలలోని కాల్షియం, ప్రోటీన్ కలిసి ఆమ్లాన్ని మరింత ఊరిస్తాయి.

సుక్రాల్ఫేట్ తీరు ఇంకోలా ఉంటుంది. ఆమ్లంలో చిక్కటి జిగురులా మారి పుండు మీద పట్టీలా అంటుకుంటుంది. మోతాదు 1 గ్రాము, రోజుకు నాలుగుసార్లు, భోజనానికి గంట ముందూ పడుకునేటప్పుడూ. పట్టీ వేయాల్సిన మందు పక్కన ఉన్న మందుల్ని కూడా పట్టేసుకుంటుంది. థైరాయిడ్ మాత్ర, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ దీనితో కలిసి వేసుకుంటే రక్తంలోకి ఎక్కవు, కనీసం 2 గంటల ఎడం ఉండాలి. ఇందులో అల్యూమినియం ఉంది కాబట్టి కిడ్నీ రోగులకు ఎక్కువకాలం ఇవ్వరు.

క్రిమి మీద దాడి

హెచ్ పైలోరీ యూరియేజ్ అనే ఎంజైమ్‌తో తన చుట్టూ అమ్మోనియా మేఘం అల్లుకుని ఆమ్లంలో బతుకుతుంది. జిగురు పొర అడుగున దాక్కుంటుంది. ఒక్క యాంటీబయాటిక్‌తో దాన్ని వదిలించడం కష్టం. సాధారణంగా రెండు ఉండాలి, పక్కన ఆమ్లాన్ని గట్టిగా అణిచే మందు ఉండాలి. ఈ అణచడానికి మంట తగ్గించడం కన్నా పెద్ద కారణం ఉంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ విభజన చెందుతున్న క్రిములనే చంపుతుంది. ఈ క్రిమి విభజన చెందాలంటే చుట్టూ పీహెచ్ 6 దాటాలి. ఆమ్లం సరిగా తగ్గకపోతే క్రిములు నిద్రపోతాయి, మందు వాటి పక్కనుంచే వెళ్లిపోతుంది. కోర్సులో పంపు మాత్ర రోజుకు ఒకటి కాక రెండు ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

చాలాకాలం నడిచిన కోర్సు: పంపు మందు, క్లారిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు, అమాక్సిసిలిన్ 1 గ్రాము, మూడూ రోజుకు రెండుసార్లు. ఇప్పుడు ఇది అనేక ప్రాంతాల్లో గట్టిగా పనిచేయడం లేదు. దగ్గు, గొంతునొప్పికి క్లారిత్రోమైసిన్, దాని బంధువులు ఎడాపెడా వాడటంతో క్రిములు దానికి లొంగడం మానేశాయి. ఒక ప్రాంతంలో నిరోధకత 15 శాతం దాటితే పరీక్షించకుండా ఈ కోర్సు ఇవ్వకూడదన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. క్లారిత్రోమైసిన్‌కు మొండికేసిన క్రిమిని మోతాదు పెంచి లొంగదీయలేం. మెట్రోనిడజోల్ అనే మరో యాంటీబయాటిక్ విషయం వేరు: మోతాదు పెంచి, బిస్మత్ అనే లోహపు లవణం జోడించి, 14 రోజులు నడిపితే నిరోధకతను చాలావరకు దాటవచ్చు.

అందుకే ఇప్పుడు ముందుకొచ్చింది నాలుగు మందుల బిస్మత్ కోర్సు. పంపు మందు రోజుకు రెండుసార్లు, బిస్మత్ నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ 500 మిల్లీగ్రాములు నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ 500 మూడు లేదా నాలుగుసార్లు, 14 రోజులు. రోజుకు 13, 14 మాత్రలు. కోర్సు మొత్తానికి 180 పైమాటే. ఇది నడవకపోవడానికి మొదటి కారణం ఈ సంఖ్యే. నోట్లో లోహపు రుచి, వికారం, నాలుక నల్లబడటం వల్ల ఆరో రోజు, ఏడో రోజు నుంచి మాత్రలు తప్పిపోతుంటాయి. సగంలో ఆగిన కోర్సు మిగిలిన క్రిముల్ని మరింత మొండిగా చేస్తుంది. ఇవన్నీ వస్తాయని ముందే చెబితే రోగి నిలబడతాడు. చీటీ చేతికిచ్చి పంపేస్తే నిలబడడు.

పాటించాల్సినవి మరికొన్ని ఉన్నాయి. టెట్రాసైక్లిన్‌ను పాలు, యాంటాసిడ్, ఐరన్ మాత్రలతో కలపకూడదు, అవి దాన్ని కట్టేస్తాయి. నిండుగా నీళ్లు తాగి, కాసేపు నిటారుగా కూర్చోవాలి. గొంతులో, అన్నవాహికలో మాత్ర ఇరుక్కుంటే అక్కడే కొత్త పుండు పడుతుంది. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వరు. మెట్రోనిడజోల్ నడుస్తున్నంతకాలం మద్యం ముట్టకూడదు. క్లారిత్రోమైసిన్ వాడితే సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్ర ఆపాలి, లేదంటే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకసారి క్లారిత్రోమైసిన్ కోర్సు విఫలమైతే రెండోసారి అదే మందు ఇవ్వడంలో అర్థం లేదు.

బిస్మత్‌తో మలం నల్లగా వస్తుంది. ఇది అందరినీ హడలెత్తిస్తుంది, ఎందుకంటే అల్సర్ నుంచి రక్తం కారినా మలం నల్లబడుతుంది. రక్తం వల్ల నల్లబడిన మలం తారులా మెరుస్తూ జిగటగా ఉంటుంది, వాసన భరించలేం. బిస్మత్ వల్ల వచ్చేది పొడిబారిన నలుపు, మామూలుగా గట్టిగానే ఉంటుంది. కళ్లు తిరగడం, గుండెదడ తోడైతే రంగు చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కోర్సు అయిపోయాక క్రిమి పోయిందో లేదో చూడటం తప్పనిసరి. తరచూ దాటేసే అడుగు ఇదే. యాంటీబయాటిక్స్, బిస్మత్ ఆపిన 4 వారాల తర్వాత, పంపు మందు ఆపిన 2 వారాల తర్వాత శ్వాస పరీక్షగానీ మలంలో యాంటీజెన్ (క్రిమి ఆనవాళ్ల) పరీక్షగానీ చేయించాలి. పంపు మందు నడుస్తుండగా పరీక్షిస్తే క్రిములు కడుపులో ఉన్నా అణిగి ఉండటం వల్ల ఫలితం నెగెటివ్ రావచ్చు. ఆ 2 వారాల్లో మంట పుడితే యాంటాసిడ్ వాడవచ్చు. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇక్కడ పనికిరాదు, క్రిమి చచ్చిన తర్వాత కూడా అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.

నొప్పి మందు ఆపలేనప్పుడు

జీర్ణాశయం గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా నొప్పి మందులు అడ్డుపడతాయి. ఆ దెబ్బ రక్తం ద్వారా తగులుతుంది. అందుకే పూత వేసిన ఆస్పిరిన్ కడుపుకు భద్రమన్నది వట్టి భ్రమ. 75 మిల్లీగ్రాముల చిన్న మోతాదు కూడా పుండు చేయగలదు. ఇంజెక్షన్ రూపంలో తీసుకున్నా తప్పించుకోలేం.

పుండు కనబడగానే నొప్పి మందు ఆపి పారాసిటమాల్‌కు మారడం మొదటి పని. ఆపలేకపోతే పంపు మందు తోడుగా సాగాలి. 65 ఏళ్లు దాటినవాళ్లు, ముందు అల్సర్ వచ్చినవాళ్లు, స్టెరాయిడ్లు లేదా రక్తం పలచబడే మందులు కలిపి వాడేవాళ్లు నొప్పి మందు మొదలైన రోజునుంచే పంపు మందు వేసుకోవాలి. మామూలు మోతాదు హెచ్-2 మందు డియోడినమ్‌ను కాపాడుతుంది కానీ జీర్ణాశయంలో పుండును ఆపలేదు. మిసోప్రోస్టాల్ పోయిన ప్రోస్టాగ్లాండిన్ స్థానాన్ని నేరుగా భర్తీ చేస్తుంది. సిద్ధాంతపరంగా ఇంతకన్నా సరైన మందు లేదు. కానీ 200 మైక్రోగ్రాములు నాలుగుసార్లు వేసుకుంటే విరేచనాలు, కడుపులో మెలితిప్పడం ఎక్కువ. గర్భసంచిని సంకోచింపజేస్తుంది కాబట్టి గర్భిణులకు అసలు ఇవ్వకూడదు.

గుండె కోసం వాడే ఆస్పిరిన్‌ను మాత్రం ఎవరికి వారు ఆపేయకూడదు. రక్తం కారిన తర్వాత కూడా దాన్ని సాధారణంగా కొద్ది రోజుల్లోనే, పంపు మందుతో కలిపి, తిరిగి మొదలుపెడతారు. రక్తం ధారగా కారుతున్న పుండుకు ఎండోస్కోపీతో రక్తనాళాన్ని మూసేశాక పంపు మందును సిరలోకి 80 మిల్లీగ్రాములు ఒకేసారి, ఆపై గంటకు 8 చొప్పున 72 గంటలు ఎక్కిస్తారు. ఆమ్లం లేని చోట రక్తపు గడ్డ కరగకుండా నిలుస్తుంది.

ఆపేటప్పుడు

నెలల తరబడి పంపు మందు వాడి ఒక్కసారిగా మానేస్తే మంట మునుపటికన్నా ఎక్కువగా ఎగదన్నుతుంది. ఆమ్లం తగ్గినన్నాళ్లూ శరీరం గ్యాస్ట్రిన్‌ను పెంచుతూ పోతుంది, ఆమ్లం ఊరించే యంత్రాంగం బలపడుతుంది. మందు ఆగగానే ఆ యంత్రాంగమంతా ఒక్కసారిగా పనిలోకి దిగుతుంది. ఎప్పుడూ అల్సర్ లేని ఆరోగ్యవంతులకు 8 వారాలు ఇచ్చి ఆపినా కొందరికి ఇది వచ్చింది. ఆ మంటను చూసి జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెడితే ఏళ్ల తరబడి వదలదు. మోతాదు సగానికి తగ్గించి, ఆపై రోజు విడిచి రోజు వేసుకుంటూ, మధ్యలో యాంటాసిడ్ లేదా ఫామోటిడిన్‌తో నెట్టుకొస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

దీర్ఘకాలం వాడితే వచ్చే నష్టాల జాబితా ప్రచారంలో ఉన్నంత భయంకరంగా లేదు. 17,598 మందికి పాంటోప్రజోల్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సుమారు 3 ఏళ్లు గమనించిన కంపాస్ అధ్యయనంలో పేగు ఇన్ఫెక్షన్లు తప్ప మరేదీ స్పష్టంగా పెరగలేదు. అలాగని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు. అరుదుగా కిడ్నీలో వాపు వస్తుంది. ఐరన్, థైరాయిడ్ మాత్ర, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ సరిగా ఒంటబట్టవు. అవసరం ఉన్నవాడు భయపడి మానేయడమూ, అవసరం లేనివాడు అలవాటుగా మింగడమూ రెండూ రోజూ కనిపించే తప్పులే.

ఇంకొక చిక్కు జీర్ణాశయంలోని పుండుతోనే వస్తుంది. డియోడినమ్‌లోని పుండు క్యాన్సర్ కావడం చాలా అరుదు. జీర్ణాశయంలో మాత్రం అల్సర్‌లా కనిపించేది క్యాన్సర్ కావచ్చు. పంపు మందు వేస్తే ఆ క్యాన్సర్ పుండు కూడా పైపైన మాని, మంట తగ్గి, మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు. అందుకే మొదటి ఎండోస్కోపీలో అంచుల నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు, 8 నుంచి 12 వారాల కోర్సు తర్వాత పుండు మానిందని నమ్మకం లేకపోతే రెండోసారి లోపలికి చూసి ఆ మచ్చ నుంచే మళ్లీ ముక్కలు తీస్తారు. బరువు తగ్గడం, మింగేటప్పుడు అడ్డుపడటం, రక్తహీనత, పదేపదే వాంతులు ఉన్న మనిషికి మాత్ర మొదలుపెట్టక ముందే ఎండోస్కోపీ జరగాలి.